ప్రజాభద్రత, పరిశోధన: ప్రభుత్వ పద్దులో మనం చదవని పేజీలు

(మచిలీపట్నంలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు ‘మైనారిటీ సంక్షేమ పథకాలు’ అన్న అంశం ఇచ్చారు. దానిని కొంచెం మార్చడానికి అనుమతి అడిగాను. వారు పెద్దమనసుతో అంగీకరించారు. ఎందుకు మార్చమన్నానో ముందుగా మనవి చేస్తాను.

రెవెన్యూ శాఖలో ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ పొందినవాణ్ని. ఆ ముప్పై అయిదేళ్లలో మనవాళ్లు ఎందరో నా బల్ల దగ్గరకు వచ్చారు. కొందరు పిల్లల స్కాలర్‌షిప్పు కోసం, కొందరు రుణం కోసం, మరికొందరు ఖబరస్తాన్ ప్రహరీ గోడ కోసం వచ్చారు. అన్నీ న్యాయమైనవే. కానీ ‘మా పేట పక్కనున్న కాలువ కట్ట బలహీనంగా ఉంది, దానికి ఈ ఏడు ఎంత మంజూరైంది?’ అని అడిగినవారు లేరు. ‘మన తీరంలో తుపాను షెల్టరు మరమ్మతు పద్దు ఏమైంది?’ అని అడిగినవారూ లేరు. బడ్జెట్ గ్రంథంలో మైనారిటీ సంక్షేమం కొన్ని పేజీలే. మన ప్రాణాలను నిలిపేవీ తీసేవీ తక్కిన పేజీల్లో ఉన్నాయి. ఈ సాయంత్రం వాటిని తిరగేద్దామని నా కోరిక.

1977 నవంబరు 19వ తేదీ ఈ సభలో నా వయసువారికి మరపు రాదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. బందరులో మా ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోతుంటే మా అమ్మ మమ్మల్ని మంచం కింద కూర్చోబెట్టింది. మేము బతికాము. దివిసీమలో సముద్రం తాటిచెట్ల నడుము దాకా లేచి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ సంఖ్యను అక్కడివారెవరూ నేటికీ నమ్మరు. మూడు నాలుగు రోజుల తర్వాత మా మసీదులో పోగుచేసిన బియ్యం, దుప్పట్లు వేసుకుని లారీలో అవనిగడ్డ వైపు వెళ్లిన కుర్రవాళ్లలో నేనొకణ్ని. అక్కడ శవాలను మతం, కులం చూసి వేరుచేసే స్థితి లేదు. ఉమ్మడి గోతుల్లో పూడ్చారు, కుప్పలుగా దహనం చేశారు. నేను చదివిన నమాజు ఎవరి కోసమో నాకు తెలియదు.

అంతకు నూటపదమూడేళ్ల ముందు, 1864లో, ఇదే బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చరిత్ర చెబుతుంది. అంటే శతాబ్దం గడిచినా సముద్రానికీ మనకూ మధ్య ఉన్న రక్షణ పెద్దగా పెరగలేదు. 1977లో తుపాను వస్తోందన్న కబురు రేడియోలో వచ్చిన మాట నిజమే. ఎక్కడ తీరం దాటుతుందో, నీరు ఎంత ఎత్తున వస్తుందో చెప్పే సాధనాలు చాలలేదు. చెప్పినా జనం వెళ్లి తలదాచుకునే పక్కా కట్టడాలు లేవు.

తర్వాత ఏమి మారిందో నేను ఉద్యోగిగా కళ్లారా చూశాను. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లింది. దాని నుంచి మేఘాల చిత్రాలు రావడం మొదలైంది. కొన్నాళ్లకు తీరప్రాంత కార్యాలయాలకు ఒక పెట్టె వచ్చింది. ఉపగ్రహం ద్వారా నేరుగా హెచ్చరికను అందుకునే యంత్రమది. ముందు సైరన్ మోగేది, ఆ తర్వాత తెలుగులో సందేశం వినిపించేది. టెలిఫోను స్తంభాలు కూలినా, తపాలా ఆగినా అది పలికేది. రాత్రి దాని పక్కన కూర్చునే డ్యూటీ మా వంటి చిన్న ఉద్యోగులది. సైరన్ మోగగానే జీపు తీయించి ఊళ్లలో టముకు వేయించాలి. మసీదులో మైకు ఉంటే ముఅజ్జిన్ గారిని లేపేవాళ్లం, గుడిలో ఉంటే పూజారి గారిని లేపేవాళ్లం, చర్చిలో గంట కొట్టించేవాళ్లం.

1990 మే నెలలో అంతే ఉద్ధృతమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆస్తి నష్టం చెప్పనలవి కాదు. కానీ మృతుల సంఖ్య వెయ్యి లోపు. పదమూడేళ్లలో పదివేలు వెయ్యికి దిగింది. తుపాను కనికరించడం వల్ల ఇది జరగలేదు. ఆ పదమూడేళ్లలో ఉపగ్రహానికీ రాడారుకూ షెల్టర్లకూ లక్షల మందిని ముందుగా తరలించే ఏర్పాటుకూ ప్రజాధనం ఖర్చయింది కనుక జరిగింది. 1996 నవంబరులో కోనసీమ తుపాను మళ్లీ వెయ్యి మందికి పైగా బలిగొంది. వారిలో ఎందరో సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు. హెచ్చరిక ఒడ్డు దాకా వచ్చింది, పడవ దాకా వెళ్లలేదు. ఆ లోపాన్ని కూడా ఖర్చు పెట్టే సరిచేయవలసి వచ్చింది. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ నాటికి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. 1999లో అదే ఒడిశాలో మహా తుపానుకు దాదాపు పదివేల మంది చనిపోయిన సంగతి గుర్తు తెచ్చుకుంటే ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఇందులో మన పిల్లలకు చెప్పవలసిన పేరొకటి ఉంది. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం సముద్ర జీవశాస్త్రవేత్త. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. 1981-82లో అంటార్కిటికాకు వెళ్లిన తొలి భారతీయ యాత్రకు నాయకత్వం వహించారు. కేంద్రంలో సముద్రాభివృద్ధి శాఖ ఏర్పడినప్పుడు దానికి తొలి కార్యదర్శి ఆయనే. ఆ శాఖే నేటి భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు మూలం. వాతావరణ శాఖ ఇప్పుడు దాని కిందనే పనిచేస్తోంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007లో నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రం కూడా దాని కిందిదే. ఇవాళ మత్స్యకారుడి ఫోనుకు ‘వేటకు వెళ్లవద్దు’ అన్న సందేశం వస్తోందంటే దాని వెనుక నలభై ఏళ్ల పరిశోధన ఉంది. అంటార్కిటికాకు ఓడ పంపిన రోజున ‘అన్నం లేని దేశానికి ఇదేమి ఆడంబరం’ అన్నవారు లేకపోలేదు.

ఆ మాట మన ఇళ్లలోనూ వినబడుతుంది. కడుపు నిండనివాడికి శాస్త్ర పరిశోధన దేనికి అంటారు. నేను దీన్ని కొట్టిపారేయను, ఆకలి నిజం. అయినా 1977లో చనిపోయినవారిలో అత్యధికులు కడుపు నిండనివారే. పక్కా ఇల్లున్న ఆసామి మేడ ఎక్కాడు. గుడిసెవాసికి మేడ లేదు, అతని మేడ ప్రభుత్వం కట్టిన షెల్టరే. డబ్బున్నవాడు భద్రతను కొనుక్కోగలడు. పేదవాడికి అది ప్రభుత్వ పద్దులో నుంచి రావలసిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఊరి పేరు, కార్యాలయం పేరు చెప్పను. 1990ల్లో ఒక ఏడాది మేము చూసే ఒక తుపాను షెల్టరుకు తలుపుల మరమ్మతు, చేతి మైకులు, లాంతర్లు, తాగునీటి డ్రమ్ముల కోసం కొంత మొత్తం వచ్చింది. ఫిబ్రవరి నెలాఖరున వచ్చింది. కొటేషన్లు పిలవాలి, పై అధికారి సంతకం కావాలి, ఖజానాలో బిల్లు పాస్ కావాలి. మార్చి 31 సాయంత్రం అయిదు గంటలకు ‘వ్యయం కాని మొత్తాన్ని సరెండర్ చేయడమైనది’ అని ముసాయిదా రాసినవాణ్ని నేనే. అక్షరాలు గుండ్రంగా రాశానని పై అధికారి మెచ్చుకున్నారు కూడా. ఆ ఏడాది తుపాను కాలంలో ఒక రాత్రి జనాన్ని ఆ షెల్టరుకు తరలిస్తే తాళంచెవి పొరుగూరి మనిషి దగ్గర ఉందని తెలిసింది. తాళం పగలగొట్టారు. లోపల దీపం లేదు, నీళ్లు లేవు. దేవుడి దయ వల్ల తుపాను పక్కకు మళ్లింది. ఆ రాత్రి చీకట్లో బిడ్డను ఎత్తుకుని నిలబడిన ఒక తల్లి నన్నేమీ అనలేదు. ఆమెకు నేనెవరో తెలియదు. ఆ ముసాయిదా మాత్రం నాకు తెలుసు.

అందుకే మీకు మూడు మాటలు నేర్పాలనుకుంటున్నాను. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. ఫిబ్రవరిలో పత్రికల్లో పతాక శీర్షికలో కనిపించేది మొదటిది. ఏడాది మధ్యలో నిశ్శబ్దంగా తగ్గించేది రెండోది. నిజంగా ఖర్చయినది మూడోది, దాని గురించి రెండేళ్ల తర్వాత గాని తెలియదు. అప్పటికి ఎవరూ అడగరు. ఒక ఉదాహరణ చెబుతాను. కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు 2022-23 బడ్జెట్ అంచనా 5,020 కోట్లు. సవరించిన అంచనాలో అది 2,612 కోట్లకు దిగింది. మరుసటి ఏడాది అంచనా 3,097 కోట్లు. మొదటి అంకెను చూసి సంతోషించినవారూ, చివరి అంకెను చూసి ‘పెరిగిందే’ అన్నవారూ ఇద్దరూ పొరబడ్డారు. ఏ పద్దునైనా ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక విపత్తుల పద్దుకు వస్తాను. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఒక మంచి మార్పు తెచ్చింది. రాష్ట్రాల విపత్తు నిధిని రెండుగా విడదీసింది. నూటికి ఎనభై రూపాయలు ప్రతిస్పందన నిధి, అంటే విపత్తు వచ్చినప్పుడూ వచ్చాకా సహాయం, పునరుద్ధరణ, కొంత సన్నద్ధత కోసం. తక్కిన ఇరవై రూపాయలు ఉపశమన నిధి, అంటే విపత్తు రాకముందే దాని తీవ్రతను తగ్గించే పనుల కోసం. ఈ ఇరవై రూపాయలే నా దృష్టిలో అతి విలువైనవి. అందరూ మరచిపోయేదీ దానినే. సహాయం పంచితే ఫొటో ఉంటుంది. కట్ట తెగకుండా ఆపితే ఏ ఫొటోలో చూపిస్తారు?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో బుడమేరు ఏమి చేసిందో మనకు బంధువుల ద్వారా తెలుసు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. పడవల మీద, డ్రోన్ల మీద ఆహారం పంపవలసి వచ్చింది. అక్కడ మనవాళ్లు ఎందరో ఉన్నారు: ఆటో నడిపేవారు, బట్టలు కుట్టేవారు, మెకానిక్కులు. నేల అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం పాతిక వేలు ప్రకటించింది. ఆ సహాయాన్ని చులకన చేయను. కానీ కుట్టు మిషన్లు నాలుగు తుప్పు పట్టినవాడికి పాతిక వేలు ఏ మూలకు? కట్ట బలపరచడానికి ముందే ఖర్చు పెట్టి ఉంటే ఎంత అయ్యేదో, తర్వాత పరిహారానికీ పునర్నిర్మాణానికీ ఎంత అయిందో ఎవరైనా కూర్చుని లెక్కవేస్తే బాగుండును. అటువంటి లెక్క వేయడమే పరిశోధన. దానికి కూడా డబ్బు కావాలి.

సహాయ పంపిణీలో వివక్ష మాట కూడా వచ్చింది గనుక ఒక సెక్షను గుర్తుపెట్టుకోండి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షను. బాధితులకు నష్టపరిహారం, సహాయం అందించేటప్పుడు స్త్రీపురుష భేదం గాని, కులం, వర్గం, వంశం, మతం కారణంగా గాని వివక్ష చూపరాదని అది స్పష్టంగా చెబుతుంది. జాబితాలో మీ వీధి పేరు లేకపోతే కోపంతో రోడ్డెక్కే ముందు ఈ సెక్షను ఉటంకిస్తూ కలెక్టరు గారికి అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో కలిసిపోతుంది. ఇది అర్జీలు తీసుకున్నవాడి మాట.

ప్రజాభద్రతకు ఖర్చు పెట్టడం మన నేలకు కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలాది మందిని మింగింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికిన కథ మీరు వినే ఉంటారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, వరద ఎందుకు వచ్చింది, మళ్లీ రాకుండా ఏం చేయాలి అని పరిశీలన చేయించింది. ఆ నివేదిక ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లోను సిద్ధమయ్యాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజినీర్లను ఆ కాలం తయారు చేసింది. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు. ముందు అధ్యయనం, తర్వాత కట్టడం. ఈ వరుస తప్పితే కట్టినది మనమీదే కూలుతుంది.

ఇంకొక చిన్న సంగతి. 1880ల చివర హైదరాబాదులో క్లోరోఫారం మత్తు ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి రెండు సంఘాలు పనిచేశాయి. నిజాం ప్రభుత్వమే ఖర్చు భరించింది. లండన్ నుంచి ఒక వైద్య నిపుణుణ్ని రప్పించడానికి కూడా వెయ్యి పౌన్లు ఇచ్చింది. ఆ సంఘాలు తేల్చిన ముఖ్య నిర్ణయం, అంటే క్లోరోఫారం శ్వాసను ఆపి చంపుతుందే తప్ప నేరుగా గుండెను దెబ్బతీయదన్నది, తర్వాతి పరిశోధనలో తప్పని తేలింది. అయితే ఆ ఖర్చు వృథాయేనా? నేను అలా అనుకోను. తప్పును పట్టుకోవడానికి ఎవరో ఒకరు ముందు ప్రయోగం చేసి కాగితం మీద పెట్టాలి కదా. పరిశోధనకు ఇచ్చే డబ్బులో కొంత ఇటువంటి పొరపాట్లకు కూడా చెల్లవలసిందే.

మన దేశం మొత్తం మీద, ప్రభుత్వమూ ప్రైవేటు రంగమూ కలిపి, పరిశోధన అభివృద్ధుల మీద పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. నూరు రూపాయలకు అరవై నాలుగు పైసలు. చైనా రెండు రూపాయలకు మించి, దక్షిణ కొరియా నాలుగు రూపాయలకు మించి పెడుతున్నాయి. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు చట్టం చేశారు. అయిదేళ్లలో యాభై వేల కోట్లన్నారు. అందులో ప్రభుత్వం ఇచ్చేది పద్నాలుగు వేల కోట్లే. మిగతాది ప్రైవేటు రంగం నుంచీ దాతల నుంచీ రావాలట. లాభం కనబడని విషయానికి ప్రైవేటు కంపెనీ ఎందుకు డబ్బు పెడుతుంది? రేకుల ఇంట్లో వేడిమికి ఎంతమంది చనిపోతున్నారన్నది ఏ కంపెనీకి లాభసాటి ప్రశ్న?

ఈ వేడిమి విషయం కొంచెం చెప్పాలి. 2010 మే నెలలో అహ్మదాబాదులో ఎండలు మండిపోయాయి. తర్వాత పరిశోధకులు మునిసిపాలిటీ మరణాల రిజిస్టర్లు తిరగేసి, అదే కాలంలో ఇతర సంవత్సరాలతో పోల్చి చూస్తే 1,344 మరణాలు అధికంగా కనిపించాయి. వీరిలో ఎందరి మరణానికి ‘వడదెబ్బ’ అని కారణం రాసి ఉంటారు? గుండెపోటు అని, జ్వరం అని రాసి ఉంటారు. రిజిస్టర్లు రాసినవాడిగా నాకు తెలుసు. ఆ అధ్యయనం ఆధారంగా 2013లో అహ్మదాబాదు దక్షిణాసియాలో మొదటిసారి వేడిమి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల్లో సన్నద్ధత, చలివేంద్రాలు, పేదల ఇళ్ల పైకప్పులకు సున్నం. పెద్ద ఖర్చు కాదు. 2015 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా, తెలంగాణలో వందలాది మంది వడదెబ్బకు చనిపోయారు. తోపుడుబండి మీద పండ్లు అమ్మేవాడు, వెల్డింగ్ షాపులో కుర్రవాడు, రేకుల గదిలో రోజంతా బీడీలు చుట్టే స్త్రీ: వీళ్లు మనవాళ్లు. మన పట్టణానికి అటువంటి ప్రణాళిక ఉందా, ఉంటే ఉర్దూలో తెలుగులో కరపత్రం వచ్చిందా అని అడిగే హక్కు మనకుంది.

సోదరీమణులతో ప్రత్యేకంగా ఒక మాట. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుపానులో లక్షా ముప్పై ఎనిమిది వేల మంది చనిపోయారు. వారిలో పురుషుల కంటే స్త్రీలు చాలా ఎక్కువ. కారణాలు వెతికితే ఇళ్లలోనే తేలాయి. భర్త అనుమతి కోసం ఎదురుచూడటం, పరాయి పురుషుల మధ్య షెల్టరులో ఎలా ఉండాలన్న బిడియం, అక్కడ వేరే మరుగుదొడ్డి లేకపోవడం, పిల్లలను, వృద్ధులను విడిచి రాలేకపోవడం. ఆ దేశం వీటిని చదువుకుని, స్త్రీలకు వేరే గదులున్న షెల్టర్లు కట్టింది. స్త్రీలను పెద్ద సంఖ్యలో స్వచ్ఛంద కార్యకర్తలుగా తర్ఫీదు చేసింది. హెచ్చరిక చెప్పడానికి ఇంటి లోపలికి స్త్రీయే వెళ్లగలదు. 1991లో లక్ష దాటిన మరణాలు, 2020 నాటి అంఫన్‌లో పదుల్లోకి వచ్చాయి. మన పరదా మన ఆడపిల్లల ప్రాణానికి అడ్డు రాకూడదు. వేరే గది, వేరే మరుగుదొడ్డి అడిగి సాధించడం మన బాధ్యత. తుపాను రాత్రి ఆడవాళ్లను ఇంట్లోనే ఉండమనడం గౌరవం అనిపించుకోదు.

ప్రజాభద్రత అనగానే ప్రభుత్వాలకు ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది కెమెరా. నిర్భయ నిధిని 2013-14 బడ్జెట్లో వెయ్యి కోట్లతో ప్రారంభించారు. 112 అత్యవసర నంబరు, సఖి కేంద్రాలు, పోలీసు స్టేషన్లలో మహిళా సహాయ కేంద్రాలు దానినుంచి వచ్చాయి. ఇవి మేలైనవి, మన ఆడపిల్లల ఫోన్లలో ఆ నంబరు ఉండాలి. దానితోపాటు నగరాల్లో వేలాది కెమెరాలు, ముఖాన్ని గుర్తించే యంత్రాలు కూడా వచ్చాయి. హైదరాబాదులో ముఖ గుర్తింపు మీద ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ఏ చట్టం కింద, ఎవరి ఫొటో, ఎంతకాలం ఉంచుతారు అన్నది న్యాయమైన ప్రశ్న. మనల్ని కాపాడే ఖర్చుకూ మనల్ని కాపలా కాసే ఖర్చుకూ తేడా ఉంది. పద్దులో రెండూ ఒకే పేరుతో ఉంటాయి. కాబట్టి లోపలికి దిగి చదవాలి.

ఇక ఈ సభకు ప్రాణమైన విషయం. 2009లో, సచార్ కమిటీ నివేదిక తర్వాత, మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు మొదలైంది. ముస్లిములకే గాక క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ విద్యార్థులకు కూడా పిహెచ్‌డీ చేయడానికి నెలనెలా వేతనం ఇచ్చేది. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మందిని ఎంపిక చేసి 738.85 కోట్లు ఇచ్చారు. 2022 డిసెంబరు 8న దీనిని 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్టు లోక్‌సభలో ప్రకటించారు. ఇతర ఫెలోషిప్పులతో అతివ్యాప్తి ఉన్నదన్నది చెప్పిన కారణం. గుమాస్తాగా ఈ కారణం నాకు అర్థం కాలేదు. ఒక విద్యార్థి ఏకకాలంలో రెండు ఫెలోషిప్పులు తీసుకోవడానికి వీలు లేదు. అటువంటప్పుడు అతివ్యాప్తి వల్ల ఖజానాకు పోయిన రూపాయి ఏది? అర్హత రెండు చోట్ల ఉండవచ్చు, బిల్లు ఒక్కటే. ఒక పథకం తీసేస్తే తగ్గేది స్థానాల సంఖ్యే.

మన పేటలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి దర్జీ. భూగర్భ జలాల్లోకి సముద్రపు ఉప్పు ఎంత దూరం చొచ్చుకొచ్చిందన్నది ఆమె పరిశోధన అంశం. మన బావుల సంగతే. ఆమె చేరిన ఏడాదే పథకం ఆగింది. రెండేళ్లు ట్యూషన్లు చెప్పుకుంటూ నీటి నమూనాలు సేకరించింది. ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతోంది. నమూనాల సీసాలు వాళ్ల అటక మీద ఉన్నాయి. నేను చూశాను, ప్రతి సీసా మీద తేదీ, బావి పేరు ఉన్నాయి.

ఆమె సంగతి తెలిసి మన పెద్దలు కొందరు ‘చందా వేద్దాం’ అన్నారు. వారి మనసు గొప్పది. లెక్క చూడండి. 2023 జనవరి నుంచి యూజీసీ రేటు మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాతి మూడేళ్లు 42,000. అయిదేళ్లకు ఇరవై నాలుగు లక్షలు, ఇంటి అద్దె భత్యం కాకుండానే. ఒక్క విద్యార్థికి ఇది. మన జమాత్ ఎంతమందికి ఇవ్వగలదు? షెల్టరు చందాతో కట్టలేము, రాడారు చందాతో కొనలేము. పరిశోధకుల తరాన్ని కూడా చందాతో పెంచలేము. ఇది ప్రభుత్వం చేయవలసిన పని, దాన్ని చేయమని అడగడం యాచన కాదు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నవాళ్లం మనం. అయితే ఈ చందాను నీటి పరీక్షల ఖర్చుకు, ప్రయాణ ఖర్చుకు వాడవచ్చు. ఆ సీసాలు అటక దిగడానికి అది చాలు. దీనికి నా పింఛనులో నుంచి మొదటి అయిదు వేలు ఇప్పుడే అధ్యక్షుల వారికి ఇస్తున్నాను.

చివరగా పని మాట. బయట బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు పెట్టించాను. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది రూపాయలు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. అందులో నాలుగు ప్రశ్నలు రాశాను. మన జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళిక ప్రతి ఇవ్వండి. గత మూడేళ్లలో ఉపశమన నిధి నుంచి మన మండలానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత సరెండర్ అయింది. మన పరిధిలోని ప్రతి షెల్టరులో స్త్రీలకు వేరే మరుగుదొడ్డి ఉందా. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, వారి ఫోను నంబరు ఎంత.

చేతిరాత బాగాలేనివారు నా దగ్గరకు రండి, ఇషా నమాజు దాకా ఇక్కడే కూర్చుంటాను.